ఒకే లోటా కషాయం

బైరాగి తాతకు తెలిసిన ఆకులన్నీ రాలిన ఆకులే. ముప్పై ఏడేళ్ళు ఏక్‌బాల్‌పూర్ వీధులు ఊడ్చిన మనిషి. ఏ చెట్టు ఏ నెలలో ఎంత చెత్త రాలుస్తుందో, ఏ ఆకు తడిస్తే చీపురుకు అంటుకుంటుందో, ఏది తూముకు అడ్డం పడి నీళ్ళు నిలబెడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఏ ఆకు ఏ రోగానికి పనికొస్తుందో మాత్రం ఆయన్ని ఎవరూ అడిగినట్టు, ఆయన చెప్పినట్టు మా లైనులో ఎవరికీ గుర్తు లేదు. రెండు వేల తొమ్మిది ఆగస్టులో స్వైన్ ఫ్లూ పేపర్లోకి ఎక్కింది. ఆ వారమే తాత వైద్యుడయ్యాడు.

మా లైను అంటే వీధులు ఊడ్చేవాళ్ళ క్వార్టర్లు. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో ఒక కుళాయి, మొదట్లో వెలిసిపోయిన యూనియన్ జెండా. అందరూ సిక్కోలు, ఇజీనారం వైపు నుంచి తాతల కాలంలో ఈ బెంగాలీ నగరానికి వచ్చినవాళ్ళే. తెల్లవారి అయిదున్నరకు హాజిరా. ఆ వేళకు వార్డు ఆఫీసు ముందు నిలబడి పేరు పలికించుకోకపోతే ఆ రోజు పని బద్లీవాడికి పోతుంది. అందుకని అయిదింటికే లైనంతా కుళాయి దగ్గర పోగవుతుంది. అక్కడే బైరాగి తాత రోజూ దర్బారు తీరేవాడు. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా ఖాకీ చొక్కా మానలేదు.

ఆయన దర్బారుకు సింహాసనం లేదు గాని ఒక లోటా ఉంది. ఇత్తడిది. పోయిన ఆయన భార్య సింహాచలమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకున్నది. రెండు గ్లాసుల టీ పడుతుంది. అంచు అరిగి ఒక పక్కకు పలచబడింది. ఆ లోటా కథ చెప్పకపోతే తర్వాత జరిగినదానికి ఆయన ఒక్కణ్ణే వెర్రివాడనుకుంటారు. వెర్రివాడే, కాని ఒట్టి వెర్రి కాదు.

ప్రభుత్వం మారి ఎర్రజెండాలు వచ్చిన రెండో ఏటి సంగతి అది. వీధి మలుపులో టీ దుకాణం ఉండేది. అక్కడ అందరికీ గాజు గ్లాసులో టీ ఇచ్చేవారు. మా లైనువాళ్ళకు మాత్రం మట్టి పిడత. తాగి విసిరేయాలి. మట్టి పిడత ఎంత శుభ్రమో అని ఇప్పుడు పెద్ద పెద్దవాళ్ళు వ్యాసాలు రాస్తున్నారు. అప్పుడు దాని అర్థం ఒక్కటే: నీ నోరు తగిలింది మళ్ళీ మా చేతికి రాకూడదు. ఒకరోజు బైరాగి గ్లాసు అడిగాడు. దుకాణంవాడు కాదనలేదు. గ్లాసులోనే పోసి ఇచ్చాడు. తాగి ఇవ్వగానే దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, అందరూ చూస్తుండగా, నవ్వుతూ కాలవలోకి వదిలేశాడు.

మర్నాడు తెల్లవారి అయిదింటికి బైరాగి కుళాయి దగ్గర పొయ్యి పెట్టి హండాతో టీ కాచాడు. భార్య లోటా తెచ్చాడు. "మనలో ఎంగిలి లేదు. ఒకడు తాగినది ఇంకొకడు తాగాల. పైనుంచి పోసుకున్నోడు, అంచు తుడుసుకున్నోడు ఆ దుకాణానికే పోవచ్చు" అన్నాడట. ఆ రోజు నుంచి ముప్పై ఏళ్ళు లైనంతా అదే లోటాతో, పెదవులు ఆనించి, ఒక్కొక్క గుక్క తాగి హాజిరాకు వెళ్ళింది. మా అమ్మ తాగింది. నేను కాలేజీకి వెళ్ళే రోజుల్లో కూడా తాగాను. అంతవరకు ఆ లోటాను చూసి నవ్వడానికి నాకు నోరు రాదు.

నవ్వు వచ్చేది ఆగస్టు నుంచే.

తాత మా ఇంట్లో పొద్దుటి టీవీ చూసేవాడు. అందులో ఎవరో ఒకాయన తిప్పతీగ, తులసి, శొంఠి, మిరియాలు కలిపి కషాయం కాచుకుంటే ఈ జ్వరం గుమ్మం తొక్కదని చెప్పాడు. తాతకు చదువు రాదు కనక కొలతలు నాచేత రాయించుకున్నాడు. ఆ కాగితం మీద చేతిరాత నాదే, ఒప్పుకుంటున్నాను. మర్నాటికి అది టీవీ వైద్యం కాకుండా పోయింది.

"మా మామ్మ సేసేది ఇది. ఊరంతా మా మామ్మ కాడికే వొచ్చేవోరు. నాటు మందంటే అదీ" అని కుళాయి దగ్గర ప్రకటించాడు. ఆయన ఊరు వదిలినప్పుడు ఆయనకు నాలుగేళ్ళు. ఆ ముసలమ్మ నాలుగేళ్ళ పిల్లవాడికి వైద్యశాస్త్రం ఎప్పుడు బోధించిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

రేవు రైలు కట్ట గోడ మీద తిప్పతీగ దండిగా ఉంది. తులసి మాత్రం వారంలో అయిపోయింది. లైనులో ప్రతి గుమ్మం ముందూ తులసి కుండీల్లో పుల్లలు మిగిలాయి. ఒక్కొక్కరి మెళ్ళో కర్పూరం, యాలకులు కట్టిన గుడ్డ మూట వేలాడింది. మొత్తం లైను పెళ్ళివారి వంటింటి వాసన వేసింది. ఆ రోజుల్లో టీ మానేసి అదే హండాలో కషాయం కాచారు. లోటా మాత్రం మారలేదు.

ఇంత హంగామా ఎవరికోసమో అందరికీ తెలుసు. కోడలు సుందరి కోసం. తాతకు ఒక్కడే కొడుకు, పోలిరాజు. తండ్రి ఉద్యోగమే అతనికి వచ్చింది, తండ్రి గొంతు మాత్రం రాలేదు. సుందరికి అప్పుడు ఏడో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి బిడ్డ నిలవాలని తాత మొక్కని దేవుడు లేడు. జ్వరం సంగతి వినగానే ఆమెను గుమ్మం దాటనివ్వడం మానేశాడు. కషాయం మాత్రం ఆమెకు ప్రత్యేకం. హండా అడుగున దిగిన మడ్డిలోనే సారమంతా ఉంటుందని ఆయన సిద్ధాంతం. కాబట్టి నలభై మంది తాగాక చివరి లోటా, ఆ అడుగు మడ్డితో సహా, కోడలికి. లైనులో ఉన్న ప్రతి నోటినీ ముట్టుకుని వచ్చిన లోటాను ఆయన రెండు చేతులతో ప్రసాదంలా తీసుకెళ్ళి ఆమెకు అందించేవాడు. ప్రేమ అంటే అదే అనుకున్నాడు.

దీన్ని వద్దన్నది ఒక్క దయమ్మ. లైను చివరి ఇంట్లో ఉంటుంది. గార్డెన్ రీచ్ ఓడల కార్ఖానాలో పనిచేసిన భర్త పోయాక ఒక జ్వరాల ఆసుపత్రిలో ఆయాగా చేరింది. ఒకరోజు డ్యూటీ దిగి, ఇంకా తెల్ల చీరలోనే, హండా దగ్గర ఆగింది.

"బాబాయ్, కషాయం కాసుకో, నానేటీ అనను. లోటా మాత్రం ఆపీ. ఎవరి గళాసు ఆలు తెచ్చుకుంతారు."

"ఏటే? గళాసా?"

"ఈ జ్వరం నోటమ్మటే అంటుకుంతాది. వార్డులో సూస్తన్నాను గదా. కడుపుతో ఉన్నోల్లకి మరీ సెడ్డది. సుందరికి ఆ అడుగు మడ్డి పొయ్యకు. నీకు దండం పెడతాను."

తాత గరిటె హండాలో పెట్టి లైను వైపు తిరిగాడు. నలుగురి ముందు మాట్లాడే అవకాశం ఆయన ఎప్పుడూ వదులుకోడు.

"ఓలమ్మీ దయమ్మా, మీ చర్చీలో ద్రాచ్చారసం ఇచ్చినప్పుడు మనిసికో బుల్లి గళాసంట గదా. దేవుడి కాడ కూడా ఎంగిలి సూస్తారేటి మీరు?"

లైను నవ్వింది.

"దేవుడికి దగ్గు రాదు బాబాయ్. మనకొస్తాది."

లైను దానికీ నవ్వింది. మా లైను ఎవరి పక్షమూ కాదు, నవ్వు పక్షం.

తాతకు నవ్వు రాలేదు. "నీకు ఆస్పత్రి గాలి తగిల్నాది. బాబుల గళాసు యేరు, నీ గళాసు యేరు అని అక్కడ నేర్పినారు. ఆ సదువు ఇక్కడొద్దు. తాగితే తాగు, లేపోతే ఎల్లు."

దయమ్మ వెళ్ళిపోయింది. ఆమె వెనక ఎవరో "మేమ్‌సాబ్" అన్నారు. ఆ మర్నాడు నేను పేపరు తీసుకెళ్ళి, ఒకరి గ్లాసు ఒకరు వాడకూడదని అందులో రాసిన ముక్క తాతకు మెల్లగా చదివి వినిపించాను. "రాసినోడు ఎక్కడుంతాడు? ఆడి ఇంట్లో ఎన్ని గళాసులుంతాయి?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను. "మరింకేటి" అని లోటా నా చేతికిచ్చాడు. తాగాను.

మేమంతా దాదా అని పిలిచే యూనియన్ నాయకుడు ఆదివారం వచ్చాడు. గడ్డం కింద మాస్కు వేలాడుతోంది. ప్రజల వైద్యం, ప్రజల విజ్ఞానం అని బెంగాలీలో పావుగంట మాట్లాడాడు. తర్వాత తాత లోటా అందించాడు. దాదా దాన్ని నుదురు దాకా ఎత్తి, తల వెనక్కి వంచి, జానెడు పైనుంచి నోట్లోకి సన్నగా పోసుకున్నాడు. పెదవికి చుక్క తగలలేదు. ఖూబ్ భాలో, చాలా బాగుంది అన్నాడు. పైనుంచి పోసుకోవడమంటే మా దగ్గర తిట్టుతో సమానం. ముప్పై ఏళ్ళలో ఆ పని చేసి లైనులో నిలబడినవాడు లేడు. తాత ఏమంటాడా అని అందరూ చూశారు.

"మీసాలు తడుస్తాయని" అన్నాడు తాత, దాదా వెళ్ళాక.

దాదాకు మీసాలు లేవు.

రెండో వారంలో వెంకటేశుకు జ్వరం వచ్చింది. వెంకటేశు తాత ఎదురింటి మనిషి, చెత్త బండి తోస్తాడు. జ్వరమని తెలిస్తే హాజిరా దగ్గర వెనక్కి పంపేస్తారు, బండి బద్లీకి పోతుంది. కాబట్టి చెప్పలేదు. కళ్ళు ఎర్రగా, దుప్పటి కప్పుకుని కుళాయి దగ్గరకొచ్చాడు. లోటా మూతికి ఆనించగానే దగ్గు వచ్చింది. లోటాలోకే దగ్గాడు. కషాయం ఎగిరి గడ్డం మీద పడింది. నలభై మందిమి చూశాం. ఒక్కరం కూడా లోటా కింద పెట్టించలేదు. వెంకటేశు మిగతాది తాగి పక్కవాడికిచ్చాడు. చివర తాత మడ్డి కలిపి నింపుకుని సుందరి గుమ్మం వైపు నడిచాడు.

నాలుగు రోజుల్లో నాలుగిళ్ళలో జ్వరాలు. తాత దగ్గర నాలుగు జవాబులు ఉన్నాయి. "వెంకటేశు ముక్కు మూసుకోని తాగినాడు. అలగ తాగితే ఎక్కదు." ఇంకొకడు సాయంత్రం రొయ్యలు తిన్నాడు. మరొకామె తలంటుకుంది. నాలుగోవాడికి అసలు నమ్మకం లేదు. జ్వరం రానివాడికి కషాయం పనిచేసింది, వచ్చినవాడు సరిగా తాగలేదు. ఎటు తిప్పినా పడిపోని ఇంత గట్టి సిద్ధాంతం నేను ఎం.ఏ. పుస్తకాల్లో కూడా చూడలేదు.

తర్వాత సుందరికి జ్వరం వచ్చింది.

దీనికి తాత దగ్గర జవాబు లేదు. ఆమె ముక్కు మూసుకోలేదు, రొయ్యలు తినలేదు, తలంటుకోలేదు, మామ ఇచ్చినది ఇచ్చినట్టు తాగింది. జవాబు లేనివాడు చేసే పనే ఆయన చేశాడు. మిరియాలు రెట్టింపు వేశాడు. మొదటి రోజు మూడుసార్లు, రెండో రోజు అయిదుసార్లు. సుందరి తాగి వాంతి చేసుకుంటే విషం బయటికి పోతోందన్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి ఆమె పడుకుని ఊపిరి తీయలేక గోడకు ఆనుకుని కూర్చుంది. మాట్లాడాలంటే రెండు మాటలకోసారి ఆగుతోంది. కడుపు మీద చెయ్యి తీయడం లేదు. బిడ్డ కదలడం లేదని పోలిరాజుతో అంది.

పోలిరాజు వచ్చి దయమ్మను పిలిచాడు. ఆ ఇంటికి రానని దయమ్మ అనవచ్చు. అనలేదు, వచ్చింది. సుందరి చెయ్యి పట్టుకుని వెలుగు వైపు తిప్పింది.

"గోల్లు సూడు బాబాయ్. నీలంగా లేవా?"

"తగ్గుతాది. పొద్దుటికీ ఇప్పటికీ నయమే."

"టాక్సీ తే పోలిరాజూ."

తాత గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఆయన గొంతులో దర్బారు లేదు. "ఆ వార్డుకి వొద్దు దయమ్మా. నానెరుగుదును. యేరే గదిలో పడేస్తారు. ఎవులూ ముట్టుకోరు. కంచం నేలమీద తోసి పోతారు. నా కోడలు అలగ..." ఆగిపోయాడు.

"ముట్టుకుంతారు బాబాయ్."

"ఎవులు?"

"నాను. ఆ వార్డులో ముట్టుకునే పని నాదే."

తాత కదల్లేదు. అప్పుడు పోలిరాజు, పుట్టి బుద్ధెరిగాక తండ్రికి ఎదురు మాట అనని పోలిరాజు, సుందరిని రెండు చేతుల మీద ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, తప్పుకో."

తప్పుకున్నాడు.

ఆసుపత్రి ఫారాలు బెంగాలీలోనో ఇంగ్లీషులోనో నింపాలి కనక నన్నూ ఎక్కించుకున్నారు. తాత ముందు సీట్లో కూర్చున్నాడు. ఒళ్ళో లోటా, లోటాలో కషాయం సీసా. దారంతా వెనక సుందరి ఊపిరి వినిపించింది.

ఆమెను లోపలికి తీసుకున్నారు. ఆక్సిజన్ పెట్టారు, మాత్రలు మొదలుపెట్టారు. రాత్రికి కబురు తెచ్చింది దయమ్మ: బిడ్డ గుండె కొట్టుకుంటోంది, సుందరి సంగతి రెండు రోజులు చూడాలి. తాత ఆవరణలో రేకుల షెడ్డు కింద కూర్చున్నాడు. కషాయం సీసాను కాపలావాడు తీయించేశాడు. లోటా మిగిలింది. ఆయన దానితోనే కుళాయి నీళ్ళు తాగుతూ మూడు రోజులు అక్కడే ఉన్నాడు. పోలిరాజు ఇంటికెళ్ళి పడుకోమంటే "నువ్వెల్లు" అనేవాడు.

నాలుగో రోజు సుందరికి ఆక్సిజన్ తీసేశారు. దయమ్మ ఎవరినో బతిమాలి, తాత మూతికి మాస్కు కట్టి, వార్డు గుమ్మం దాకా తీసుకెళ్ళింది. నేను పక్కనే ఉన్నాను. సుందరి మంచం గుమ్మం పక్కదే. సగమైంది మనిషి. మామను చూసి చెంగు సర్దుకుంది.

"నీల్లు, మావా."

తాత కళ్ళు వెలిగాయి. ఆమె అడగడంతో ఆయనకు తగిన పని దొరికింది. గబగబా వెళ్ళి మంచినీళ్ళ పంపు దగ్గర లోటా కడిగి, నింపి, రెండు చేతులతో పట్టుకొచ్చి చాచాడు.

సుందరి లోటా వైపు చూసింది. తీసుకోలేదు.

"అది వొద్దు మావా."

"నీల్లేనే. కసాయం కాదు."

"తెల్సు. యేరే దాంట్లో ఇయ్యి." కడుపు మీద చెయ్యి వేసుకుంది. "నానొక్కదాన్నే అయితే తాగీదును."

పెళ్ళయి వచ్చి ఆరేళ్ళలో సుందరి ఆయన చేతి నుంచి దేన్నీ వద్దనలేదు. తాత ఆ నీళ్ళు ఏం చేయాలో తెలియక మాస్కు కిందికి లాగి తానే తాగేశాడు. తర్వాత మెట్లు దిగి గేటు బయటికి వెళ్ళాడు. ఏం చేస్తాడోనని నేను వెంట వెళ్ళాను.

గేటు ఎదురుగా టీ బండి ఉంది. బండి మీద మట్టి పిడతలు బోర్లించి ఉన్నాయి. తాత దాని ముందు నిలబడ్డాడు. టీ బండివాడు ఎంతమందికి అని రెండుసార్లు అడిగాడు.

"ఏక్‌టా భాఁడ్ దాదా" అన్నాడు తాత. తర్వాత తెలుగులో, ఎవరికో తెలియదు, "కాలీదే. టీ వొద్దు" అన్నాడు.

టీ బండివాడు ఆయన్ని పైకీ కిందికీ చూసి ఒక ఖాళీ పిడత చేతిలో పెట్టాడు. తాత దాన్ని వేడి వస్తువులా పట్టుకుని మెట్లెక్కాడు. సుందరి అందులో తాగింది. ఇంకోసారి అడిగి తాగింది.

పదో రోజున ఆమె ఇంటికొచ్చింది. నవంబరులో ఆడపిల్ల పుట్టింది, నిలిచింది. కషాయం తాగిన కడుపున పుట్టింది కాబట్టే అంత గట్టిగా ఏడుస్తోందని తాత ఈనాటికీ చెబుతాడు. ఎవరైనా ఆసుపత్రి మాట ఎత్తితే అక్కడ మంచాలు శుభ్రంగా ఉంటాయని ఒప్పుకుంటాడు, అంతే.

అయితే సుందరి ఇంటికొచ్చిన మర్నాడు తెల్లవారి అయిదింటికి కుళాయి దగ్గరకు వెళ్ళినవాళ్ళు కళ్ళు నులుముకున్నారు. హండా ఉంది, పొయ్యి ఉంది, ఖాకీ చొక్కా ఉంది. లోటా ఉండే ఇటుక మీద గంపెడు మట్టి పిడతలు ఉన్నాయి.

"ఇదేటి తాతా?" అన్నాడు వెంకటేశు. అప్పటికి వాడి జ్వరం తగ్గి మళ్ళీ బండి తోస్తున్నాడు.

"ఇత్తడిలో కసాయం ఇరిగిపోతాదిరా. మట్టికి గునం ఉన్నాది. మట్టిలో పోస్తేనే ఎక్కుతాది. మా మామ్మ మట్టిలోనే పోసేది, నానే మర్సిపోనాను."

మామ్మ మళ్ళీ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా మట్టి పిడత పేరెత్తితే ఉమ్మేసిన మనిషి అది చెబుతుంటే ఒక్కడు నవ్వలేదు, ఒక్కడు అడగలేదు. అంతకు ముందు లోటాను నమ్మినట్టే పిడతను నమ్మారు. ముందు వరసవాళ్ళు తలా ఒకటి తీసుకున్నారు, తాగారు, గోడవార విసిరారు. అక్కడున్నవాళ్ళంతా ఊడ్చేవాళ్ళే, ఆ పెంకులు ఊడ్చడానికి ఒక్కడు వంగలేదు. తాతే చీపురు తీశాడు.

దయమ్మ డ్యూటీకి వెళుతూ అటుగా వచ్చింది. చూసీ చూడనట్టు దాటిపోబోయింది.

"ఓలమ్మీ దయమ్మా!"

ఆగింది. తాత చీపురు వదిలి, గంప అడుగు నుంచి ఒక పిడత తీసి, ఊదాడు. ఊదినందుకు నాలిక కరుచుకుని దాన్ని పక్కన పడేసి, ఇంకొకటి తీసి, ఊదకుండా నింపాడు.

"కొత్తది. ఎవుల మూతీ తగల్లేదు."

లైను మొత్తం దయమ్మ వైపు చూసింది. ఆమె తాగుతుందా, మేమ్‌సాబ్‌లా వెళ్ళిపోతుందా అని. దయమ్మ చేతిసంచి నా చేతికిచ్చి, పిడత అందుకుని, కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో మింగింది. ముఖం ముడతలు పడింది. పిడతను గోడకేసి కొట్టింది.

"తాగినాను గదా బాబాయ్. ఇంక ఇను. ఇది జ్వరానికి పనికిరాదు."

తాత గరిటె హండాలో తిప్పుతూ వెనక వరస వైపు ఒకసారి చూశాడు. ఇంకా పాతిక మంది పిడతలు పట్టుకుని నిలబడ్డారు.

"మెల్లగా సెప్పవే" అన్నాడు. "ఎనకాలోల్లు ఇంతారు."